ఫ్లైట్ సిమ్‌లో (కంప్యూటర్లో విమానం నడిపే ఆటలో) రూట్ వెయ్యడానికి ఏది వాడుతున్నారు? నిన్న రాత్రి బంగాళాఖాతం మీద తేలాను

బరంపురం_బాబీ
ఆర్నెల్లుగా మైక్రోసాఫ్ట్ సిమ్ 2020 నడుపుతున్నా. మొదట్లో సెస్నా అనే చిన్న విమానం వేసుకుని గోపాల్‌పూర్ ఒడ్డు మీదా చిలికా మీదా తిరిగేవాణ్ణి, ఏ గొడవా లేదు, కిందకి చూస్తే దారి తెలిసిపోయేది. రెండు నెలల కింద ఫ్లైబైవైర్ వాళ్ల ఉచిత ఏ320 జెట్ దింపుకున్నాను. కష్టాలన్నీ అక్కణ్ణుంచే.

నిన్న రాత్రి హైదరాబాద్ నుంచి భువనేశ్వర్. సింబ్రీఫ్ అనే సైట్‌లో ప్లాన్ వేసి, ప్రింటు తీసుకుని, ఒక్కో పాయింటూ ఎంసీడీయూలో (విమానంలో రూట్ కొట్టే చిన్న కంప్యూటర్‌లో) కొట్టుకుంటూ పోయాను. రెండు చోట్ల 'నాట్ ఇన్ డేటాబేస్' అంది. ప్లాన్‌లో రాసిన సిడ్ (ఊళ్లోంచి బయటపడే దారి) పేరు విమానంలో లిస్టులోనే లేదు. విసుగొచ్చి అంతా చెరిపేసి సిమ్‌లో ఉన్న మ్యాప్‌లోనే రూట్ గీసి మళ్లీ మొదలెట్టాను. ఈసారి రూట్ మధ్యలో ఎక్కడో డిస్కంటిన్యుటీ (దారి తెగిపోయిన చోటు) ఉండిపోయింది, నేను చూసుకోలేదు, టీ పెట్టుకుందామని లేచాను. వచ్చేసరికి 35 వేల అడుగుల్లో సముద్రం మీద ఉన్నాను, భువనేశ్వర్ ఎడమ వైపు వెనక్కి పోయింది. అమ్మేమో వంటింట్లోంచి "ఇంకా దిగలేదా, అన్నం చల్లారిపోతోంది" అని ఒకటే కేకలు.

సింబ్రీఫ్, లిటిల్ నావ్‌మ్యాప్, స్కైవెక్టర్, నావిగ్రాఫ్ అని నాలుగు పేర్లు వింటున్నాను. నాలుగూ పెట్టుకోవాలా, ఒకటి చాలా? డబ్బు కట్టాల్సింది ఏదైనా ఉందా? సూటిగా చెప్పండి.

పర్లాకిమిడి_737
తప్పు సింబ్రీఫ్‌ది కాదు, టీది.

జేపూర్_రన్‌వే
టీ సంగతి తర్వాత. బాబీ, నీ అసలు జబ్బు ఎయిరాక్, అంటే దారుల డేటా మార్చే క్యాలెండర్. ఎయిర్‌వేలు (గాల్లో దారులు), పాయింట్లు, సిడ్‌లు, స్టార్‌లు (దిగడానికి వచ్చే దారులు) ఇవన్నీ 28 రోజులకోసారి మారుతుంటాయి, ఏడాదికి 13 సైకిళ్లు. సింబ్రీఫ్ ఊరికే వాడుకునేవాళ్లకి పాత సైకిల్ ఇస్తుంది. నీ సిమ్‌లో డేటా అప్‌డేట్లతో పాటు కొత్తది వస్తూ ఉంటుంది. ప్లాన్ ఒక పంచాంగం చూసి వేశావు, విమానం ఇంకో పంచాంగం చూస్తోంది, ముహూర్తం ఎక్కడ కుదురుతుంది?

ముందు చేతితో కొట్టడం మానెయ్. విమానంలో టాబ్లెట్ ఉంది కదా, దాని సెట్టింగ్స్‌లో నీ సింబ్రీఫ్ ఐడీ పెట్టు. తర్వాత ఎంసీడీయూలో ఇనిట్ పేజీలో రిక్వెస్ట్ నొక్కితే రూట్ దానంతట అదే వస్తుంది. సిడ్, స్టార్ మాత్రం ప్లాన్‌లో ఉన్న పేరు పట్టుకుని వేలాడకు, విమానంలో లిస్టులో ఏది ఉంటే అది, గాలి ఎటు ఉందో చూసుకుని, రూట్‌లో మొదటి పాయింటుకి కలిసేది ఎంచుకో. ఇంకో ముఖ్యమైన సంగతి, ఏ320కి సిమ్ మ్యాప్‌లో రూట్ గీయకు. అక్కడ ఏ గేటు దగ్గర నిలబడాలో అంతవరకే పెట్టి వదిలెయ్. రెండు చోట్లా ప్లాన్ ఉంటే రెండూ కలగాపులగం అవుతాయి.

రాయగడ_రెక్కలు
+1. ప్లాన్ ఎక్కించాక ఎంసీడీయూలో రూట్ చూపించే ఎఫ్-ప్లాన్ పేజీ మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి కిందకి జరుపుతూ చూడాలి. డిస్కంటిన్యుటీ ఉంటే గీతలు గీతలుగా కనిపిస్తుంది, క్లియర్ నొక్కి తీసేయొచ్చు. ఇది చేశాకే టీ.

సిరోంచా_సెస్నా
నాకు అసలు అర్థం కాని విషయం, అందరూ ఎందుకు ఏ320 ఎక్కుతున్నారు. 35 వేల అడుగుల్లో ఏం కనపడతది? మబ్బులు. నేను లిటిల్ నావ్‌మ్యాప్ ఒక్కటే పెట్టుకున్న, ఉచితం, ఓపెన్ సోర్స్, మైక్రోసాఫ్ట్ సిమ్ అయినా ఎక్స్‌ప్లేన్ అయినా పాత ఎఫ్‌ఎస్‌ఎక్స్ అయినా పనిచేస్తది. మొదటిసారి సిమ్‌లోని సీనరీ లైబ్రరీని లోడ్ చేస్తే ఆ సిమ్‌లో ఏ రన్‌వే ఉందో, ఏ పాయింట్ ఉందో అదే మ్యాప్‌లో చూపిస్తది. జేపూర్ అన్న చెప్పిన పంచాంగం గొడవ అక్కడ పుట్టనే పుట్టదు, ఎందుకంటే రెండూ ఒకే పంచాంగం.

మాది గోదావరి, ప్రాణహిత కలిసే దగ్గర. ఆ నీళ్లు పట్టుకుని కిందకి పోతే మేడిగడ్డ, ఇంకా పోతే భద్రాచలం. ప్లానర్ కూడా అక్కర్లేదు నిజానికి.

పర్లాకిమిడి_737
అన్నా నది పట్టుకుని పోవడం కూడా ఒక నావిగేషనేనా, అది లాంచీ.

సిరోంచా_సెస్నా
లాంచీ అయినా దిగాల్సిన చోట దిగుతున్న కదా, బంగాళాఖాతంలో తేలట్లేదు.

బరంపురం_బాబీ
నన్ను వదిలెయ్యండి బాబూ 😄
జేపూర్ అన్నా, ఆ రిక్వెస్ట్ బటన్ సంగతి నాకు తెలీనే తెలీదు. రెండు నెలలుగా చేత్తోనే కొడుతున్నా.

మల్కన్‌గిరి_మబ్బు
నెట్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. మా ఊళ్లో వాన పడితే నెట్ పోతుంది, కరెంటూ పోతుంది. మైక్రోసాఫ్ట్ సిమ్ నేలంతా నెట్ నుంచి లాగుతుంది, 2024 వెర్షన్ ఇంకా ఎక్కువ లాగుతుంది. నేను అందుకే ఎక్స్‌ప్లేన్‌కి వెళ్లిపోయాను, సీనరీ ఒకసారి డిస్కులో పెట్టుకుంటే చాలు. సింబ్రీఫ్, స్కైవెక్టర్ బ్రౌజర్‌లోనే నడుస్తాయి, నెట్ లేకపోతే ప్లాన్ లేదు. లిటిల్ నావ్‌మ్యాప్‌లో పాయింట్లు, రన్‌వేలు కంప్యూటర్‌లోనే ఉంటాయి, వెనక మ్యాప్ బొమ్మలు కూడా ఒకసారి చూసినవి దాచిపెట్టుకుంటుంది. నా ఓటు దానికే.

ఇచ్ఛాపురం_ఇంజన్
లాప్‌టాప్ మరీ పాతదైతే ఫ్లైట్‌గేర్ అనే సిమ్ ఉంది కదా, 1997 నుంచీ ఉచితమే. లిటిల్ నావ్‌మ్యాప్ నుంచి దానికి కూడా ప్లాన్ పంపుకోవచ్చు. ఎవరూ పట్టించుకోరు పాపం.

పర్లాకిమిడి_737
అందరూ ఉచితం ఉచితం అంటున్నారు గానీ, నేను నావిగ్రాఫ్ చందా కడుతున్నాను, బాధ లేదు. సింబ్రీఫ్ కూడా 2021 నుంచి వాళ్లదే. చందా ఉంటే సింబ్రీఫ్‌లో కొత్త సైకిల్ వస్తుంది, సిమ్‌లోకీ అదే సైకిల్ దింపుకోవచ్చు, జెప్పెసెన్ కంపెనీ చార్టులు (ఎక్కడం, దిగడం చూపే మ్యాపులు) టాబ్లెట్‌లో విమానం బొమ్మతో సహా కదులుతూ కనిపిస్తాయి. ప్రతి రాత్రీ ఎగిరేవాడికి అది ఖర్చు కాదు.

మల్కన్‌గిరి_మబ్బు
ప్రతి రాత్రీ ఎగిరేవాడికి. నేను ఆదివారం ఒక్కరోజే ఎగురుతా, అదీ కరెంటుంటే. యూరోల్లో నెలనెలా ఎందుకు కట్టాలి? ఆపేసిన నెల నుంచి సింబ్రీఫ్ మళ్లీ పాత సైకిలే ఇస్తుంది.

రాయగడ_రెక్కలు
యూరోల్లో కట్టడం కూడా ఒక యజ్ఞమే. మా బ్యాంకు కార్డులో విదేశీ చెల్లింపులు మూసేసి ఉన్నాయి, తెరవమని వెళ్తే అక్కడ కూర్చున్నాయన "ఏం కొంటున్నారు" అన్నాడు, "విమానం దారి" అన్నాను. పైనుంచి కిందకి చూశాడు.

బరంపురం_బాబీ
😂😂 టికే రొహ (కాస్త ఆగండి), నవ్వి వస్తా

జేపూర్_రన్‌వే
చార్టుల కోసమే అయితే డబ్బు కట్టక్కర్లేదు పర్లాకిమిడీ. మన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్ల ఈఏఐపీ (పైలట్లకిచ్చే అధికారిక సమాచార పుస్తకం) ఆన్‌లైన్‌లో ఊరికే చూడొచ్చు. హైదరాబాద్, భువనేశ్వర్, విశాఖ, అన్నిటికీ సిడ్‌లు, స్టార్‌లు, అప్రోచ్ చార్టులు పీడీఎఫ్‌లుగా ఉన్నాయి. కదిలే విమానం బొమ్మ ఉండదు, నీ వేలు పెట్టుకుని జరుపుకో.

పర్లాకిమిడి_737
వేలు జరపడానికి చేతులు ఖాళీ ఉండాలిగా అన్నా, ల్యాండింగ్ టైమ్‌లో. అయినా ఒప్పుకుంటా, ఇండియాలో మాత్రమే ఎగిరేవాడికి ఈఏఐపీ సరిపోతుంది. నేను యూరప్‌లో వ్యాట్‌సిమ్‌లో (మనుషులే కంట్రోలర్లుగా కూర్చునే ఆన్‌లైన్ నెట్‌వర్క్‌లో) ఎగురుతా. అక్కడ కంట్రోలర్ కొత్త స్టార్ పేరు చెప్తే నా డేటాలో అది లేకపోతే పరువు పోతుంది. కొత్త డేటా ఉండాలని వాళ్ల రూలేం లేదు, "నా దగ్గర లేదు, వెక్టర్లు (ఎటు తిరగాలో) ఇవ్వండి" అంటే ఇస్తారు. కానీ ప్రతిసారీ అడగాలంటే సిగ్గు.

సునాబెడ_మాస్టారు
నేను హాల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషిని, మనవడు కొనిచ్చిన జాయ్‌స్టిక్‌తో ఎగురుతున్నాను. మీరు చెప్పేవన్నీ బాగున్నాయి, కానీ పెన్సిలు పట్టుకుని ఒక్క ప్లాన్ అయినా వేసినవాళ్లు ఇందులో ఎంతమంది? దూరం కొలవడం, ట్రాక్ (దారి ఏ దిక్కుకి ఉందో) కొలవడం, గాలికి ఎన్ని డిగ్రీలు తిప్పాలో లెక్క కట్టడం. 60 నాటికల్ మైళ్లు వెళ్లేసరికి ఒక డిగ్రీ తప్పు ఒక మైలు పక్కకి తీసుకెళ్తుంది, ఈ ఒక్క లెక్క ఒంటబడితే చాలు. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా డిగ్రీకి అటూ ఇటూనే, కాబట్టి నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే సుఖమైన చోటు లేదు. బాబీ, మీరు ఆ రోజు కిటికీలోంచి ఒకసారి చూసి ఉంటే కింద నీళ్లు కనిపించేవి.

బరంపురం_బాబీ
మాస్టారూ రాత్రి పది గంటలు, కింద అంతా నలుపే. నిజంగానే చూశాను, ఊళ్లో కరెంటు పోయిందేమో అనుకున్నాను.

ఇచ్ఛాపురం_ఇంజన్
ఈ థ్రెడ్‌లో ఇంతకంటే నిజమైన మాట లేదు.

జేపూర్_రన్‌వే
మాస్టారు చెప్పినదానికి ఒక ఉదాహరణ ఇస్తాను, ఎందుకంటే ప్లానర్ల మధ్య తేడా నాకు తెలిసొచ్చింది అక్కడే. జేపూర్ నుంచి విశాఖ. బస్సులో అయితే ఘాట్ దిగేసరికి కడుపులో పేగులు చోటు మారతాయి. గాల్లో తిన్నగా 80 నాటికల్ మైళ్లు, సిమ్‌లో వచ్చే కారవాన్ విమానంలో అరగంట. (నిజంగా కూడా మా ఊరికి కారవానే వచ్చింది 2022లో, అందుకే నాకు ఆ విమానం మీద మోజు.)

సింబ్రీఫ్‌లో వేశాను. ఇంధనం లెక్క, గాలి, బరువులు అన్నీ పేజీలకి పేజీలు వచ్చాయి. రూట్ ఏమో నేరుగా ఒక గీత. కింద కొండ ఎంత ఎత్తుందో ఆ గీత చూస్తే తెలీదు. లిటిల్ నావ్‌మ్యాప్‌లో అదే గీత పెడితే కింద ఎలివేషన్ ప్రొఫైల్ (దారిలో నేల ఎత్తుపల్లాల గీత) వచ్చింది, తూర్పు కనుమలు రంపం పళ్లలాగా. అప్పుడు అర్థమైంది. ఆ చుట్టుపక్కల కొండలు 5,500 అడుగుల దాకా ఉన్నాయి, కొండ ప్రాంతంలో వాటిపైన ఇంకో 2,000 అడుగులు ఉంచుకోవాలి కాబట్టి 7,500. ట్రాక్ ఆగ్నేయం వైపు, కిందకి చూసుకుంటూ తూర్పు వైపుకి ఎగిరేవాళ్లు బేసి వేలకి 500 కలిపిన ఎత్తులో వెళ్లాలి, 7,500 సరిగ్గా కుదిరింది. మొదటిసారి నేను 4,500లో వెళ్లాను. ఏమైందో చెప్పను.

పర్లాకిమిడి_737
చెప్పక్కర్లేదు, పేపర్లో చదివాం.

సునాబెడ_మాస్టారు
ఆ కొండల్లో దేవమాలి మా ఇంటి డాబా మీంచి కనిపిస్తుంది. 1,672 మీటర్లు. ఇక్కడ అదే పెద్దది.

సీలేరు_సీప్లేన్
మాస్టారూ, ఒడిశాలో పెద్దది అనండి, ఒప్పుకుంటాం. మా వైపు జిందగడ 1,680. తూర్పు కనుమల్లో అదే ఎత్తు.

సునాబెడ_మాస్టారు
ఎనిమిది మీటర్లకి ఇంత గొప్పా? మా కొండ మీద ఒక కొబ్బరి చెట్టు నాటితే సరి.

జేపూర్_రన్‌వే
కారవాన్‌కి రెండూ ఒకటే, ఏది తగిలినా 😀
సీలేరూ, ఆ ప్రొఫైల్‌లో శిఖరం కచ్చితంగా పడుతుందా? నాకు కాస్త నున్నగా చూపిస్తున్నట్టు అనిపిస్తుంది.

సీలేరు_సీప్లేన్
నున్నగానే చూపిస్తుంది. గ్లోబ్ అని ఎలివేషన్ డేటా విడిగా దింపుకోవచ్చు, నెట్ లేకుండా పనిచేస్తుంది, కానీ అది సుమారు కిలోమీటరుకి ఒక చుక్క చొప్పున ఉంటుంది. సూది కొండలు అందులో పొట్టివైపోతాయి. అందుకే పైన 2,000 అడుగులు వదలడం, 500 కాదు.

నేనైతే ఇంకో పని చేస్తా. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఉందిగా, జేపూర్ నుంచి కోరాపుట్, అరకు, బొర్రా మీదుగా పట్టాలు పట్టుకుని దిగిపోతా. మ్యాప్ మీద కుడి క్లిక్ చేసి స్టేషన్ స్టేషన్‌కీ ఒక సొంత పాయింట్ పెట్టుకుంటే రూట్ వంకర్లు తిరుగుతూ అందంగా వస్తుంది. కొలాబ్ రిజర్వాయర్ మీద తెల్లారి ఆరున్నరకి వెళ్లి చూడండి ఒకసారి.

సిరోంచా_సెస్నా
నది పట్టుకుంటే లాంచీ అన్నరు, ఇప్పుడు పట్టాలు పట్టుకుంటే ఏమంటరు?

పర్లాకిమిడి_737
గూడ్సు.

రాయగడ_రెక్కలు
అందరూ ఒక పక్కే లాగుతున్నారు, సింబ్రీఫ్ తరఫున నేను మాట్లాడతా. జెట్ నడిపేటప్పుడు అసలు ప్రశ్న దారి కాదు, ఇంధనం. బాబీ వెళ్లిన హైదరాబాద్–భువనేశ్వర్ సుమారు 450 నాటికల్ మైళ్లు. దారికి ఎంత, ట్యాక్సీకి ఎంత, పైన 5 శాతం, భువనేశ్వర్ మూసేస్తే ఇంకో ఊరికి వెళ్లడానికి ఎంత, చివర్లో 30 నిమిషాలు తిరగడానికి ఎంత, అన్నీ విడివిడిగా రాసి ఇస్తుంది. ఆ రోజు గాలి కూడా లెక్కలోకి తీసుకుంటుంది. లిటిల్ నావ్‌మ్యాప్‌లో కూడా ఇంధనం లెక్క ఉంది కానీ విమానం పనితీరు నువ్వే నింపాలి, ఏ320కి ఎవరు నింపుతారు?

నా అనుభవం కూడా రాస్తా, నవ్వకండి. మొదట్లో సింబ్రీఫ్‌లో యూనిట్లు పౌండ్లలో ఉండిపోయాయి. టాబ్లెట్ కిలోల్లో ఉంది. బ్లాక్ ఫ్యూయల్ (మొత్తం నింపాల్సిన ఇంధనం) 13 వేల చిల్లర అని ఉంటే అలాగే 13 టన్నులు కొట్టించాను. భువనేశ్వర్‌లో దిగేటప్పుడు విమానం బరువు చూసి కళ్లు తిరిగాయి, సగానికి పైగా అలాగే మోసుకొచ్చాను.

పర్లాకిమిడి_737
నీది నయం. నేను ఉల్టా చేశా. కిలోల ప్లాన్, పౌండ్లలో నింపా. 6,000 కదా అని 6,000 పెట్టా, అంటే 2,700 కిలోలు. విశాఖ దాటేసరికి లైట్లు వెలగడం మొదలైంది.

మల్కన్‌గిరి_మబ్బు
గొప్పలు చెప్పే 737 కూడా.

పర్లాకిమిడి_737
చందా కట్టకముందు సంగతి అది 😎

ఇచ్ఛాపురం_ఇంజన్
టైమ్ కూడా చూసుకోండి. సింబ్రీఫ్‌లో బయల్దేరే టైమ్ యూటీసీలో (ప్రపంచమంతా వాడే ఒకే టైమ్‌లో) ఇవ్వాలి. నేను పొద్దున్న పది కదా అని 10 కొట్టాను, అది మన సాయంత్రం మూడున్నర. మధ్యాహ్నం గాలులతో ప్లాన్ వచ్చింది. ఐదున్నర గంటలు తీసెయ్యాలి.

బరంపురం_బాబీ
ఇవన్నీ నేనూ చేసుంటాను, తెలీదంతే. స్కైవెక్టర్ గురించి ఎవరూ ఏం అనలేదు?

జేపూర్_రన్‌వే
అమెరికాలో ఎగిరితే బంగారం, అక్కడి విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ వేసే సెక్షనల్ చార్టులు (పైలట్ల మ్యాపులు) నిజమైనవి అలాగే పెడతారు. మన వైపు అంత వివరం ఉండదు. దూరం చూసుకోవడానికి, ఎయిర్‌వే ఎటు పోతుందో చూడ్డానికి బ్రౌజర్‌లో టక్కున తెరిచే వస్తువు, అంతవరకు.

సీలేరు_సీప్లేన్
ఇంకోటి, లిటిల్ నావ్‌మ్యాప్‌లో వెబ్ సర్వర్ ఉంటుంది, ఆన్ చేస్తే ఇంట్లో వైఫై మీద ఫోన్ బ్రౌజర్‌లో మ్యాప్ తెరుచుకుంటుంది. బాబీ వంటింట్లో టీ పెట్టుకుంటూ విమానం ఎటు పోతోందో చూసుకోవచ్చు.

బరంపురం_బాబీ
ఇది కావాలి నాకు!! ఇది ముందే చెప్పొచ్చుగా.

సునాబెడ_మాస్టారు
ఫోన్ పట్టుకుని టీ పెడితే పాలు పొంగుతాయి.

బరంపురం_బాబీ
ఇవాళ మళ్లీ హైదరాబాద్–భువనేశ్వర్ చేశాను, అందుకే రాస్తున్నా. జేపూర్ అన్న చెప్పినట్టు సిమ్ మ్యాప్‌లో గేటు మాత్రమే పెట్టాను. సింబ్రీఫ్ కిలోల్లోకి మార్చాను, టైమ్ యూటీసీలో ఇచ్చాను, రిక్వెస్ట్ నొక్కితే రూట్ వచ్చేసింది. పాత సైకిలే కాబట్టి ఒక పాయింట్ దగ్గర మళ్లీ తేడా వచ్చింది, దాన్ని తీసేసి తర్వాతి పాయింటుకి డైరెక్ట్ పెట్టాను. డిస్కంటిన్యుటీలు రెండు, రెండూ క్లియర్ చేశాను. సిడ్, స్టార్ విమానంలో లిస్టులోంచే.

లిటిల్ నావ్‌మ్యాప్ పక్కన నడుస్తూనే ఉంది, ఫోన్‌లో కూడా. దిగడం ఎప్పుడు మొదలెట్టాలో తెలియడానికి ఎత్తు ఎన్ని వేల అడుగులో దాన్ని మూడుతో గుణించుకున్నాను, 35 కి 105 నాటికల్ మైళ్లు, కాస్త ముందే మొదలెట్టాను. భువనేశ్వర్ రన్‌వే 14 మీద దిగాను. సెంటర్‌లైన్ మీద కాదు, దాని పక్కన, కానీ రన్‌వే మీదే. ఇంధనం 2,600 కిలోలు మిగిలింది.

నావిగ్రాఫ్ ఇప్పుడే కట్టను, వ్యాట్‌సిమ్‌కి వెళ్లినప్పుడు చూస్తా. వచ్చే వారం సీలేరు అన్న చెప్పిన రైలు పట్టాల రూట్, కారవాన్‌లో.

పర్లాకిమిడి_737
ఇవాళ టీ తాగావా?

బరంపురం_బాబీ
ఫ్లాస్కులో పోసి టేబుల్ మీద పెట్టుకున్నా.

మల్కన్‌గిరి_మబ్బు
రైలు రూట్ ఎప్పుడో చెప్పు, నేనూ ఎక్స్‌ప్లేన్‌లో అదే టైమ్‌కి ఎగురుతా. ఆదివారం అయితే బాగుంటుంది. కరెంటుంటే.

సీలేరు_సీప్లేన్
ఆదివారం ఆరున్నర. మన టైమ్, యూటీసీ కాదు.